రిజెక్షన్ రిజిస్టర్ పక్కన హాజరు పట్టీ పెట్టి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

తక్కువ మందితో ఎక్కువ పని రాబడుతున్న సంస్థల గురించి మీరు ఆదివారం వేసిన వ్యాసం చదివాను. అందులో సిబ్బంది గురించి ఒక పేరా, నాణ్యత గురించి ఇంకో పేరా ఉన్నాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. రాసినవారిని తప్పుపట్టడం లేదు, ఆఫీసుల్లోనూ ఆ రెండూ వేర్వేరు గదుల్లోనే ఉంటాయి. మనుషుల లెక్క హెచ్.ఆర్. వాళ్లది, లోపాల లెక్క క్వాలిటీ వాళ్లది. నేను 31 ఏళ్లు ఆ రెండో గదిలో కూర్చున్నాను. పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా చేరి, సీనియర్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఈ ఉత్తరం సలహా ఇద్దామని మొదలుపెట్టాను గానీ, రాస్తుంటే తప్పు ఒప్పుకుంటున్నట్టుగా వస్తోంది. అలాగే కానివ్వండి.

కస్టమర్ నుంచి కంప్లైంట్ వస్తే మేం ఒక ఫారం నింపాలి. ఏ భాగం, ఏ లాట్ (ఒక విడతలో తయారైన పీసుల గుంపు), ఎన్ని పీసులు, ఏం లోపం. ఆ కింద 'అసలు కారణం', దాని కింద 'తీసుకున్న చర్య'. అసలు కారణం దగ్గర నేను ఎక్కువసార్లు రాసింది 'ఆపరేటర్ అజాగ్రత్త'. తీసుకున్న చర్య దగ్గర 'ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం'. ఆ శిక్షణ ఏమిటంటే, అతణ్ణి మా గదికి పిలిచి, పది నిమిషాలు నిలబెట్టి చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. ఫారం త్వరగా మూసేస్తే నెలాఖరు మీటింగులో మా డిపార్ట్‌మెంట్‌కు మంచి పేరు. అలా కొన్ని వందల ఫారాలు నా చేత్తోనే మూసి ఉంటాను.

రిటైరవడానికి రెండేళ్ల ముందు ఒకే రకం కంప్లైంట్ పదే పదే రావడం మొదలైంది. బోర్, అంటే భాగంలో కోసే రంధ్రం, సన్నగా ఉంది, అందులో కూర్చోవాల్సిన బేరింగ్ ఎక్కడం లేదని. పాత కాగితాల కోసం రికార్డు గదికి వెళితే, నాకు కావలసిన ఫైళ్ల పక్క అలమరలోనే షిఫ్టుల హాజరు పట్టీలు కట్టలు కట్టి ఉన్నాయి. పెద్ద ఆలోచనేమీ లేదు. కుర్చీ దొరికింది, టైమ్ ఉంది, తేదీలు కలిపి చూశాను. 14 లాట్ల మీద కంప్లైంట్లు వస్తే వాటిలో 11 లాట్లు తయారైన షిఫ్టుల్లో ఆ లైన్‌లో ఒక మనిషి తక్కువ. అంటే ఒకడే రెండు మెషీన్లు చూసుకున్నాడు. 14 అనేది పెద్ద లెక్కేం కాదని నాకూ తెలుసు. కానీ ఆ పద్నాలుగింటి మీదా 'అజాగ్రత్త' అని రాసిన చెయ్యి నాదే కావడంతో ఆ రోజు సరిగా నిద్ర పట్టలేదు.

లోపం ఎలా పుడుతుందో చెప్తాను, ఇది తెలియకుండా మిగతాది మాట్లాడి లాభం లేదు. బోర్ కోసే ఇన్సర్ట్ (మెషీన్‌కు బిగించే చిన్న కోత ముక్క) అరిగేకొద్దీ తక్కువ లోహం తీస్తుంది, రంధ్రం సన్నబడుతుంది. ఒక మెషీన్ దగ్గరే నిలబడ్డవాడికి చార్ట్ అక్కర్లేదు, కోత శబ్దం మారగానే తెలిసిపోతుంది. ఇన్సర్ట్ మార్చాలంటే మెషీన్ ఆపాలి, మార్చాలి, మొదటి పీసు కోసి కొలవాలి, కొలత సరిచేసుకోవాలి. రెండు మెషీన్లు చూసేవాడికి మొదటిది ఆపి ఆ పని మీద కూర్చుంటే రెండోది పీసు పూర్తిచేసి ఖాళీగా నిలబడుతుంది. అక్కడ ప్రొడక్షన్ బోర్డు మీద అంకె పడిపోతుంది. అప్పుడతను ఏమంటాడు? "ఇంకో పాతిక లాగేద్దాం సార్." మా కంప్లైంట్లు ఆ పాతికలోవే. అది అజాగ్రత్త కాదు. రెండు పనుల్లో ఏది వదలాలో అతను ఎంచుకున్నాడు. ఎంచుకోక తప్పని పరిస్థితి షిఫ్ట్ లిస్టు వేసినప్పుడే తయారైంది, ఆ లిస్టు మీద అతని సంతకం లేదు.

మరి గంట గంటకూ కొలతలు రాసే చార్ట్ ఏమైంది అని మీరు అడగవచ్చు. 1924 మే 16న వాల్టర్ షూహార్ట్ అనే ఆయన తన పై అధికారికి పంపిన చిన్న నోట్‌లో మొదటిసారి గీసిన కంట్రోల్ చార్ట్ అది. వందేళ్లు దాటినా దాన్ని మించింది రాలేదని నా అభిప్రాయం. గంటకోసారి 5 పీసులు కొలిచి, సగటును చుక్క పెట్టాలి. చుక్కలు ఒకే వైపుకు జారుతుంటే, హద్దు దాటకముందే ఏదో మారిందని తెలుస్తుంది. ఇన్సర్ట్ అరుగుదల ఈ చార్ట్‌లో దొరకాల్సిందే. మరి మాకెందుకు దొరకలేదు? మనిషి తక్కువైన షిఫ్టుల చార్ట్‌లు తీసి చూశాను. చుక్కలన్నీ మధ్య గీతను అంటిపెట్టుకుని ఎంత చక్కగా ఉన్నాయో! ఎనిమిది గంటల కొలతలూ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, వరస తప్పకుండా. చివరి అంకె ఎక్కువగా సున్నా, లేకపోతే ఐదు. నిజంగా కొలిచినవాడికి చివరి అంకెలో మూళ్లూ ఏడులూ కూడా వస్తాయి. షిఫ్ట్ దిగేముందు ఐదు నిమిషాల్లో నింపిన కాగితాలవి. వాటి మీద 'పరిశీలించాను' అని పెట్టిన సంతకాలు చూశాను. సగం నావే.

ఇదంతా నాకు ముందు తెలియని విషయం కాదు, అదే ఇంకా సిగ్గు. కొత్తగా చేరినవాళ్లకు, నాణ్యత పాఠాలకు పేరుపడ్డ అమెరికా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ ఎర్రపూసల ఆట ఆడించేది నేనే. పెట్టెలో 4000 పూసలు, వాటిలో 800 ఎర్రవి. 50 గుంటలున్న చెక్కతో కళ్లు మూసుకుని తియ్యాలి, ఎర్రపూస వస్తే లోపం కింద లెక్క. ఎవరు తీసినా సగటున పది రావాలి. ఒకడికి 6 వస్తే మెచ్చుకునేవాణ్ణి, ఇంకొకడికి 14 వస్తే తిట్టేవాణ్ణి. 6 వచ్చినవాడికి రెండోసారి 12 వచ్చేవి, గదంతా నవ్వేది. తప్పు మనిషిది కాదు, పెట్టెది అని చెప్పి క్లాసు ముగించేవాణ్ణి. ముగించి మళ్లీ నా బల్ల దగ్గరకు వచ్చి 'ఆపరేటర్ అజాగ్రత్త' అని రాసేవాణ్ణి. మధ్యలో నడిచింది నలభై అడుగులు కూడా ఉండదు.

ఎర్ర లైటు సంగతి కూడా చెప్పాలి. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపిస్తే కార్మికుడు తాడు లాగుతాడని చాలామందికి తెలుసు. మా మేనేజ్‌మెంట్‌కూ తెలిసింది. ప్రతి మెషీన్ మీదా బటన్, పైన ఎర్ర లైటు పెట్టించారు, రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు దిగారు. కానీ అక్కడ తాడు లాగితే వెంటనే లైన్ ఆగదు, ముందు ఒక మనిషి వస్తాడు. చిన్న బృందానికి ఒక టీమ్ లీడర్ ఉంటాడు, పిలిస్తే చేతిలో పని అడ్డుపడకుండా రాగలిగేలా అతణ్ణి ఉంచుతారు. వచ్చి, అక్కడికక్కడ సరిచేయగలిగితే లైన్ నడుస్తూనే ఉంటుంది, లేకపోతే ఆగుతుంది. కాబట్టి ఆ పద్ధతిలో ఖరీదైనది తాడు కాదు, పిలిస్తే రావడానికి వీలుగా ఉంచిన మనిషి. మా దగ్గర ఒక సూపర్‌వైజర్ కింద 22 మంది. మొదటి వారం లైట్లు వెలిగాయి. ఆయన ఒకటి చూసేలోపు మూడు వెలిగేవి. మూడో వారానికి బటన్ నొక్కడమే మానేశారు, ఎందుకంటే నొక్కి ఎదురుచూసిన సేపూ వాళ్ల ప్రొడక్షన్ పోయేది. ఏడాది చివర రివ్యూలో 'ఎర్ర లైటు పిలుపులు బాగా తగ్గాయి, ప్రక్రియ స్థిరపడింది' అని స్లైడ్ వేశారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక మా సొంత బల్ల. నేను చేరినప్పుడు ఒక షిఫ్టుకు నలుగురు ఇన్‌స్పెక్టర్లం, చివరికి ఇద్దరం. ఖర్చు తగ్గింపు కమిటీ వాదన సూటిగా ఉండేది: వాళ్లు రోజులో కొంతసేపు ఖాళీగానే కనిపిస్తున్నారు కదా. ఆ ఖాళీ ఎందుకుండాలో అప్పట్లో నాకూ వాదించడం చేతకాలేదు. తర్వాత క్యూ వరుసల లెక్కల్లో ఒక చిన్న సూత్రం తెలిసింది. ఒకే బల్ల ఉండి, లాట్లు వేళాపాళా లేకుండా వస్తూ, ఒక్కోదానికి పట్టే సమయం ఒక్కోలా ఉంటుందనుకోండి. బల్ల మీద ఉన్న పని శాతాన్ని, మిగిలిన ఖాళీ శాతంతో భాగిస్తే, సగటున అక్కడ ఎన్ని లాట్లు పోగుపడి ఉంటాయో వస్తుంది. 80 శాతం పని ఉంటే 80ని 20తో భాగించండి, 4 లాట్లు. 90 శాతమైతే 9. 95 శాతమైతే 19. పని 80 శాతం నుంచి 95కే పెరిగింది, కుప్ప దాదాపు ఐదింతలైంది. మా బల్ల దగ్గర అచ్చంగా అదే జరిగింది. ముందు బల్ల మీద, తర్వాత బల్ల కింద, ఆ తర్వాత నడిచే దారిలో ట్రేలు. డిస్పాచ్ వాళ్లు వచ్చి నిలబడతారు, లారీ బయట ఉంది సార్ అంటారు. అప్పుడు ఇరవై పీసులు చూడాల్సిన చోట ఎనిమిది చూస్తాం. రంధ్రం కొలత సరిచూసే గేజ్ దూరుతోందా లేదా అన్నది చేతికి తెలుస్తుంది గానీ, కాస్త బిగుతుగా ఉన్నప్పుడు 'పర్లేదు' అనిపించడం కూడా చేతికే అలవాటవుతుంది.

మా కోడలు నర్సు. నా బోర్లూ బేరింగులూ విని ఒకరోజు నవ్వి, "మామయ్యగారూ, మీ పీసు తిరిగొస్తుంది, మాకు ఆ వీలుండదు" అంది. తను చెప్తేనే నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం గురించి తెలిసింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న రెండు లక్షల ముప్పై వేల పైచిలుకు రోగుల రికార్డులు చూశారు. నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, చేరిన 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. ఆ నర్సుల్లో అలసిపోయి విసిగిపోవడం 23 శాతం, ఉద్యోగం మీద అసంతృప్తి 15 శాతం పెరిగాయి. నన్ను పట్టుకున్నది ఈ చివరి రెండు అంకెలే. పని భారం ఇవాళ్టి రోగిని దెబ్బతీస్తుంది, నర్సును ఉద్యోగం వదిలేలా చేస్తుంది, ఆ ఖాళీ రేపు మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది. కాలిఫోర్నియాలో ఒక నర్సుకు ఇంతమంది రోగులకు మించకూడదని 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేశారు. ఫ్యాక్టరీలో అలాంటి గీత ఎవరూ గీయరు. గీయాలా వద్దా అన్నది వేరే చర్చ.

ఇంతదాకా చదివి, "ఇంకేం, మనుషుల్ని పెంచితే సరి" అని ఎవరైనా అనుకుంటే అదీ తప్పే. ఒక ఏడాది ఆర్డర్లు ముంచుకొచ్చి ఒకే వారంలో 9 మంది కాంట్రాక్ట్ కుర్రాళ్లను తీసుకున్నారు. ఆ నెల రిజెక్షన్ పెరిగింది. పెరగదా మరి? నేర్పాల్సింది పాత ఆపరేటర్లే కాబట్టి వాళ్ల కన్ను సొంత మెషీన్ మీద నుంచి తప్పింది. కొత్తవాళ్లకు గేజ్ పట్టుకోవడం వచ్చేసరికి కాంట్రాక్ట్ అయిపోయి వెళ్లిపోయారు. మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ అదే పాఠం. తల లెక్క సరిపోయింది, చేతుల లెక్క సరిపోలేదు. మనుషులే చెడ్డవాళ్లు, వీళ్లతో పని జరగదు అనేవాళ్లకు మాత్రం నేను నమ్మి గుర్తుచేసేది న్యూమి అనే కార్ల ఫ్యాక్టరీ కథ. జనరల్ మోటార్స్ 1982లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మూసేసిన ఫ్యాక్టరీని, టయోటాతో కలిసి 1984లో మళ్లీ తెరిచారు. తీసుకున్నది చాలావరకు పాత కార్మికులనే. గైర్హాజరుకూ నాసిరకం పనికీ పేరుపడ్డ ఆ చేతులే కొద్దికాలంలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీల్లోకెల్లా మంచి కార్లు కొన్నిటిని తయారుచేశాయి. మారింది శిక్షణ, బృందాల పద్ధతి, లోపం కనిపిస్తే చెప్పగలిగే ధైర్యం.

అకౌంట్స్ వాళ్ల మీద కోపం లేదు, పాపం వాళ్లకు కనిపించేది అంతే. ఒక ఉద్యోగం తీసేస్తే జీతాల పద్దులో ఆ మేరకు తగ్గినట్టు ఆ నెలలోనే కనిపిస్తుంది. ఆ ఖాళీ వల్ల అయిన ఖర్చు మాత్రం ఒకచోట ఉండదు. కొంత పారేసిన స్క్రాప్‌లో, కొంత మళ్లీ సరిచేసిన రీవర్క్‌లో, కొంత ఓవర్‌టైమ్‌లో, కొంత కస్టమర్ దగ్గరకు మనిషిని పంపి చెడ్డ పీసులు ఏరించిన ప్రయాణ ఖర్చులో, కొంత మళ్లీ రాని ఆర్డర్‌లో. చివరిదానికి పద్దే లేదు. నాణ్యత ఖర్చును నివారణ, తనిఖీ, వైఫల్యం అని విడదీసి చూడమని నాణ్యత నిపుణుడు ఫైగన్‌బామ్ 1950ల్లోనే చెప్పాడు. మా దగ్గర తనిఖీకి, వైఫల్యానికి లెక్కలున్నాయి. నివారణ అంటే గోడ మీద పోస్టర్లు.

నాణ్యత నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐ.ఎస్.ఓ. 9001 సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఉంది, రిసెప్షన్‌లో అద్దాల ఫ్రేములో. 2015 నాటి ఆ ప్రమాణంలో 7.1.2 అనే అంశం ఉంది: పని సరిగా నడవడానికి కావలసిన మనుషులెవరో సంస్థే నిర్ణయించి, వాళ్లను సమకూర్చాలి. 7.1.6లో, పనికి కావలసిన జ్ఞానం సంస్థలో నిలిచేలా చూసుకోవాలని ఉంది. నేను చూసిన ఆడిట్లలో గేజ్ మీద కాలిబ్రేషన్ (పరికరాన్ని సరిచూసినట్టు) స్టిక్కర్ తేదీ అడిగారు, పాత డ్రాయింగ్ ఎక్కడైనా మిగిలిందా అని వెతికారు. ఈ లైన్‌కు ఎంతమంది కావాలి, ఇవాళ ఎంతమంది ఉన్నారు అని ఒక్కరూ అడగలేదు. అడిగినా ఆ రోజు దొరికేవాళ్లం కాదు లెండి, ఆడిట్ రోజున పక్క షెడ్ల నుంచి మనుషుల్ని తెచ్చి ప్రతి మెషీన్ దగ్గరా నిలబెట్టేవాళ్లం. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత.

నేను అడిగేది చాలా చిన్నది. కంప్లైంట్ ఫారంలో 'అసలు కారణం' కంటే పైన మూడు గళ్లు పెట్టండి. ఆ షిఫ్టులో ఆ లైన్‌కు ఉండాల్సినవాళ్లు ఎంతమంది, ఉన్నది ఎంతమంది. ఆ మెషీన్ మీద ఆ మనిషికి ఎన్ని నెలల అనుభవం. ఆ పీసు చేసే సమయానికి అతను పనిలోకి ఎక్కి ఎన్ని గంటలైంది. ఈ మూడూ నింపాక కూడా అజాగ్రత్తే అనిపిస్తే అలాగే రాసుకోండి. నిజంగా అజాగ్రత్త ఉండే రోజులూ ఉంటాయి, నేను కాదనను. ఆసుపత్రికైనా, కాల్ సెంటర్‌కైనా, బ్యాంకు కౌంటర్‌కైనా ఈ గళ్లు పనికొస్తాయి. పేర్లు మారతాయి, అంతే.

చివరి ఏడాది నేను ఈ మార్పు కోరుతూ కాగితం పెట్టాను. ఫారం మార్చాలంటే కొత్త రివిజన్ నంబర్ కావాలి, దానికి ముగ్గురి ఆమోదం కావాలి. రెండు సంతకాలయ్యాయి. మూడో ఆయన మర్యాదగానే పిలిచి, "ఈ గళ్లు కస్టమర్ ఆడిటర్ కంట్లో పడితే ఏం జవాబు చెప్తామండీ?" అని అడిగారు. ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని నా సొంత రిజిస్టర్‌లో పెన్సిల్‌తో మూడు గీతలు గీసుకుని, ఉన్న పదినెలలూ నింపాను. వెళ్లే రోజు దాన్ని నా తర్వాత వచ్చిన అమ్మాయికి ఇచ్చాను. మొన్న ఫోన్ చేస్తే, నింపుతూనే ఉన్నానండీ, ఇప్పుడు పెన్‌తో రాస్తున్నాను అంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్